ఎనిమిదో దీవి ఉస్తాద్

గవరయ్య గురించి ఎవరైనా మంచి మాట అంటే ముందు నేను పోట్లాడతాను, తర్వాత ఒప్పుకుంటాను. అంత బడాయి మనిషిని పోర్ట్ బ్లెయిర్ మొత్తంలో నేను చూడలేదు. ఇప్పుడు చూస్తే మీరు నమ్మరు. అబర్డీన్ బజార్లో బస్టాండు వైపు దిగే సందులో మొబైల్ ఫోన్లు బాగుచేసే ఇరుకు కొట్టు ఒకటుంది. అందులో కంటికి భూతద్దం తగిలించుకుని, తల వంచుకుని, అడిగినదానికి తప్ప నోరు విప్పని మనిషే గవరయ్య. ఎవరైనా పాత వీడియో గేముల మాట ఎత్తితే చేతిలో పని వదిలేసి లోపలికి వెళ్ళిపోతాడు. బజారు కుర్రాళ్ళకి ఇది తమాషా, కావాలని ఎత్తుతారు. నాకు ఒళ్ళు మండుతుంది. అసలు ఏం జరిగిందో వాళ్ళకి తెలియదు. నేను చూశాను కాబట్టి రాస్తున్నాను.

వాళ్ళ నాన్న నూకన్న శ్రీకాకుళం వైపు మనిషి. విశాఖలో ఓడెక్కి ఇక్కడికొచ్చి, రోడ్డు పనుల్లో చేరి, మేస్త్రీ అయి, లంబాలైన్‌లో రెండు గదుల ఇల్లు వేసుకున్నాడు. గవరయ్య ఇక్కడే పుట్టాడు. ఇంట్లో తల్లి తాయారమ్మతో తెలుగు, గుమ్మం దాటితే హిందీ. తెలుగు మాట్లాడడం వరకే గానీ, అక్షరాలు కనబడితే కూడబలుక్కోవాల్సిందే. పదో తరగతి తప్పాక రేడియోలూ టీవీలూ బాగుచేయడం నేర్చుకున్నాడు. చెయ్యి మంచిది, నోరే చెడ్డది. ట్రాన్సిస్టర్‌లో సెల్లు మార్చినా ప్రాణం పోసినట్టు చెప్పుకునేవాడు. ఒకసారి పెళ్ళి కుదిరి, పిల్ల తండ్రి ముందు కోతలు కోసి చెడగొట్టుకున్నాడు. ఆ తర్వాత ఇంట్లో ఆ ఊసు ఎత్తనివ్వలేదు.

తొంభైల్లో టీవీకి తగిలించి క్యాసెట్టు పెట్టి ఆడే గేములు మద్రాసు నుంచి ఓడల్లో దిగాయి. గవరయ్య రిపేరు కొట్టు మూసేసి, అదే గదిలో నాలుగు టీవీలు పెట్టి గేముల కొట్టు తెరిచాడు. బడి వదలగానే పిల్లలు అక్కడే. నేను ప్రభుత్వ పాఠశాలలో తెలుగు టీచర్ని. నా క్లాసు పిల్లల్ని ఆ కొట్లోంచి చెవులు పట్టుకుని లాక్కొచ్చిన రోజులున్నాయి. గవరయ్య గుమ్మంలో నిలబడి, నేనే ఏదో పాపం చేస్తున్నట్టు చూసేవాడు.

ఆ కొట్లో అన్నిటికన్నా గిరాకీ ఉన్న ఆటని పిల్లలు ‘నావ్‌వాలా’ అనేవారు. అసలు పేరు ఎవరికీ తెలియదు. క్యాసెట్టు మీద కాగితం ఎప్పుడో ఊడిపోయింది. తెడ్డు పట్టుకున్న ఒక పడవవాడు, వాడి పడవ విరిగిపోయింది. నీళ్ళలో తేలే రాళ్ళ మీద దూకుతూ, దీవి నుంచి దీవికి పోవాలి. నీళ్ళలో పడితే చచ్చిపోతాడు. మొత్తం ఏడు దీవులు. ఏడో దీవి దాకా వెళ్ళినవాళ్ళే ఊళ్ళో వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. అలాంటి ఆటలో ఎనిమిదో దీవి కూడా ఉందని, అక్కడికి తానొక్కడే వెళ్ళగలనని గవరయ్య ప్రకటించాడు.

అబద్ధమేమో అనుకుంటే, చూపించాడు. ఒక ఆదివారం కొట్టు నిండా పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తుండగా ఒక్కసారి కూడా పడకుండా ఏడు దీవులూ దాటి ఎనిమిదోదానికి వెళ్ళాడు. తెర నిండా నీలం. మధ్యలో ఒక బండ, బండ మీద ఒక గుడిసె, గుడిసె ముందు చెయ్యెత్తి నిలబడిన ఒక ఆడమనిషి. అంతే. అక్కడ శత్రువులు లేరు, పాట లేదు, ముందుకు దారి లేదు. ఎంతసేపు నిలబడినా ఏమీ జరగదు. టీవీ కట్టేయాల్సిందే. కానీ పిల్లలకి అది చాలు. ఆ రోజు నుంచి గవరయ్య ఉస్తాద్ అయిపోయాడు. “పడనోడికే ఎనిమిదో దీవి” అని గోడ మీద హిందీలో రాయించుకున్నాడు కూడా.

ఆ మర్మం తనకి ఎలా దొరికిందో చాలా ఏళ్ళ తర్వాత గవరయ్యే నాకు చెప్పాడు. ఒకసారి రెండో రిమోట్‌లో రెండు బటన్లు ఇరుక్కుపోయాయట. అది చూసుకోకుండా స్విచ్చి వేస్తే, పడవవాడి బొమ్మ రావాల్సిన చోట నల్లటి తెర, దాని మీద తెల్లటి అంకెలు వచ్చాయి. ఆట చెడిపోయిందనుకుని భయపడ్డాడు. తర్వాత మెల్లగా ఒక్కొక్కటీ నొక్కి చూశాడు. ఒక అంకె మారిస్తే కావాల్సిన దీవికి నేరుగా వెళ్ళిపోవచ్చు. ఇంకోటి మారిస్తే పడవవాడికి చావు ఉండదు. ఎంత తప్పుగా దూకినా కాలు రాయి అంచుకి ఆనుతుంది, చూసేవాళ్ళకి మహా నేర్పుగా దూకినట్టు ఉంటుంది. దీవుల లెక్క చెప్పే అంకె ఇంకోటి ఉంది, ఏడుని ఎనిమిది చేస్తే ఏడో దీవి తర్వాత ఎనిమిదోది కూడా వస్తుంది.

ఇందులో మాయేమీ లేదు. మా చెల్లెలి కొడుకు రాజేంద్ర కంప్యూటర్ల పనిలో ఉన్నాడు, వాడు నాకు విడమరచి చెప్పాడు. ఆట తయారుచేసేవాళ్ళు తప్పులు పట్టుకోవడానికి తమ కోసం ఒక దొడ్డిదారి పెట్టుకుంటారట. అమ్మేముందు తీసేయాలి. కొందరు తీసేయకుండా దాచేసి ఊరుకుంటారు. సగం గీసి వదిలేసిన చోట్లు, వాడని బొమ్మలు, ఎవరూ వినని పాటలు కూడా లోపల అలాగే పడి ఉంటాయి. పాత ఆటల్ని విప్పి వాటిని బయటికి తీసి రాసేవాళ్ళు ఇప్పుడు ప్రపంచమంతా ఉన్నారు. మన పడవవాడి ఆట గురించి కూడా ఎవరో ఒక పేజీ రాశారు, వాడు ఫోనులో చూపించాడు. గుడిసె ముందు ఆడమనిషి పిలుస్తోందని ఊరంతా అనుకున్నాం కదా. ఆమె రాళ్ళు విసిరే శత్రువట. చేతిలో రాయి గీయకముందే ఆ దీవిని వద్దనుకున్నారట. గవరయ్యకి మాత్రం చెప్పలేదు, చెప్పను కూడా.

ఉస్తాద్ అయ్యాక గవరయ్య నడకే మారింది. ఒక ఏడాది మా తెలుగువాళ్ళ వినాయక చవితి పందిట్లో, ఊరికి పేరు తెచ్చినవాళ్ళకి శాలువాలు కప్పుతున్నారని తెలిసి, కొత్త చొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు. పాపం, ఎవరూ పిలవలేదు. చివరి శాలువా ఒక కాంట్రాక్టరుకి కప్పాక కూడా కాసేపు కూర్చునే ఉన్నాడు. కుర్చీలు ఎత్తేవాళ్ళు వచ్చి లేవమంటే అప్పుడు లేచాడు.

ఇక ఆ ఆదివారం. రెండువేల నాలుగు డిసెంబరు. తెల్లవారగానే భూమి ఊగింది, కాసేపటికి సముద్రం లేచింది. పోర్ట్ బ్లెయిర్‌లో పల్లపు చోట్లన్నీ మునిగాయి. గరాచర్మ అవతల పొలాలు ఆ రోజు సముద్రంలో కలిసినవి కలిసినట్టే ఉండిపోయాయి. లంబాలైన్ ఎత్తు మీద ఉంది కాబట్టి గవరయ్య ఇంటికి ఒక బీట తప్ప ఏమీ కాలేదు. కొట్లో టీవీలు కిందపడ్డాయి, ఒక్కటి బతికింది. అసలు విధ్వంసం దక్షిణాన నికోబార్ దీవుల్లో జరిగిందని మాకు విమానాలు చెప్పాయి. లంబాలైన్ పక్కనే కదా విమానాశ్రయం. చెప్పుల్లేని మనుషులు, తడిసిన బట్టలతో పిల్లలు, ఒకరి తర్వాత ఒకరు దిగుతూనే ఉన్నారు. మా బడిని శిబిరం చేశారు. నేను పేర్లు రాసుకునే పనిలో పడ్డాను.

శిబిరానికి బజారువాళ్ళు అన్నం, అరటిపళ్ళు పట్టుకొచ్చేవారు. వాళ్ళతో గవరయ్య కూడా వచ్చాడు. అప్పటికి సునామీ అనే మాట మాకెవరికీ సరిగ్గా తెలియదు. కరెంటు లేదు, టీవీలు లేవు. కెరటం అనేవాళ్ళం, పానీ ఆయా అనేవాళ్ళం. దుప్పట్లు పంచే గుమాస్తా ఒకడు బల్ల ఎక్కి, సునామీవాలే ఇటు రండి అని హిందీలో కేక పెట్టాడు. గవరయ్య బుర్ర చూడండి. బద్‌నామీ అంటే చెడ్డపేరని వాడికి తెలుసు. అయితే సునామీ అంటే మంచిపేరు. ఊళ్ళో మంచిపేరు ఉన్నవాళ్ళని పెద్దలు పిలుస్తున్నారు. చొక్కా సర్దుకుని, జనాన్ని తప్పించుకుంటూ వెళ్ళి గుమాస్తా ముందు నిలబడ్డాడు. వాడు తల కూడా ఎత్తకుండా ఒక దుప్పటి అందించబోతే, గవరయ్య చేతులు జోడించి మెడ వంచాడు, శాలువా కప్పించుకోవడానికి. గుమాస్తాకి ఏం తోచిందో, పిచ్చెక్కిన బాధితుడనుకున్నాడేమో, జాలిగా భుజాల చుట్టూ కప్పి చేతిలో ఒక బకెట్టు పెట్టాడు. ఆ బకెట్టు చూశాక గాని గవరయ్యకి అనుమానం రాలేదు.

చుట్టూ ఉన్నవాళ్ళలో నవ్వే ఓపిక ఎవరికీ లేదు. బజారువాళ్ళకి మాత్రం ఉంది. సాయంత్రానికి అబర్డీన్ బజారంతా అతనికి సునామీవాలా అని పేరు పెట్టేసింది. ఇంటికి పోతే తాయారమ్మ, ఇల్లు మునగని మనకి ఎవరి దుప్పటి తెచ్చావురా అని గుమ్మంలోనే నిలదీసింది. ఆ దుప్పటి గడప దాటితే తాను ఇల్లు దాటతానంది. తిరిగి ఇద్దామంటే గవరయ్యకి ముఖం చెల్లలేదు. గుమాస్తాకి ఏమని చెబుతాడు? మర్నాడు చీకటి విడకముందే వచ్చి దుప్పటీ బకెట్టూ నా క్లాసు గుమ్మంలో పెట్టి వెళ్ళిపోబోతుంటే నేను పట్టుకున్నాను. తిట్టడానికే పట్టుకున్నాను. కానీ వాడి ముఖం చూస్తే తిట్టు రాలేదు. ఏదైనా పని ఉంటే చెప్పమని అడిగాడు. పిల్లల్ని చూడు, మాటాపలుకూ లేకుండా కూర్చుంటున్నారు అన్నాను. కరెంటు వచ్చిన రోజున, బతికిన ఆ ఒక్క టీవీనీ పడవవాడి ఆటనీ ఆటోలో వేసుకుని వచ్చేశాడు.

అయినవాళ్ళని సముద్రం మింగేసిన పిల్లలకి సముద్రంలో పడే ఆటా అని నేను అడ్డుపడబోయాను. కానీ పిల్లలు మనలా ఆలోచించరు. గంటలో టీవీ ముందు గుంపు చేరింది. నికోబారీ పిల్లలు, బెంగాలీ పిల్లలు, మన పిల్లలు, అందరూ హిందీలో కొట్లాడుకుంటూ వంతులు వేసుకున్నారు. శిబిరం పెట్టాక మొదటిసారి ఆ బడిలో పిల్లల గోల వినబడింది. వంటచేసే ఆడవాళ్ళు కూడా గరిటెలు పట్టుకుని వచ్చి చూశారు. గవరయ్యకి పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆ సాయంత్రమే దొంగచాటుగా అంకెలు మార్చి, ఒక్కసారి కూడా పడకుండా ఎనిమిదో దీవికి వెళ్ళి చూపించాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, నాకేం తెలుసు.

ఆ పిల్లల్లో సింధూరి ఒకతె. పదేళ్ళుంటాయి. తండ్రి మధుబాబు కార్ నికోబార్‌లో ఆఫీసు గుమాస్తా, కాకినాడ వైపు వాళ్ళు. కెరటంలో తల్లి సుచరిత పోయింది. తండ్రి కాలు నలిగి పెద్దాసుపత్రిలో ఉన్నాడు. పిల్లని చూసుకునే బాధ్యత నాకు అప్పజెప్పారు. వచ్చినప్పటి నుంచి ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు. ఎనిమిదో దీవి చూశాక మాట్లాడింది. ఆమె ఎందుకు నిలబడింది అని గవరయ్యని అడిగింది. గవరయ్య కదా, ఊరుకుంటాడా. ఎదురు చూస్తోందన్నాడు. ఎవరి కోసం అంది. “పడకుండా వచ్చినోళ్ళ కోసం. ఆట సరిగ్గా వచ్చినోళ్ళే ఆడికి ఎల్తారు, రానోళ్ళు నీళ్ళలో పోతారు” అన్నాడు. నేను అక్కడే ఉల్లిపాయలు తరుగుతున్నాను. ఆ మాట నా చెవిన పడింది, పోయింది. ఆ పిల్ల చెవిలో మాత్రం ఉండిపోయింది.

మర్నాటి నుంచి సింధూరికి అదే లోకం. వంతు రావడం, రెండో దీవిలోనో మూడో దీవిలోనో పడడం, మళ్ళీ వరస చివర నిలబడడం. అన్నానికి పిలిస్తే వచ్చేది కాదు. పడ్డప్పుడల్లా ఏడిస్తే నాకు ఇంత బెంగ ఉండేది కాదు, పెదవులు బిగించుకునేది. చూడలేక గవరయ్యని పక్కకి పిలిచి, ఎలాగోలా ఆ పిల్లని ఒకసారి అక్కడికి చేర్చు, నీకు తెలిసిన కిటుకు నేర్పు అన్నాను. కిటుకు అనగానే వాడి ముఖం పాలిపోయింది. ఇప్పుడు తలచుకుంటే తెలుస్తోంది. ఆ క్షణంలో వాడి ముందు రెండు దారులున్నాయి. పిల్లకి నిజం చెప్పడం ఒకటి, చెప్పకుండా చేయడం ఒకటి. నిజం చెబితే ఉస్తాద్ పోతాడు. సునామీవాలా అయ్యాక వాడికి మిగిలింది ఆ ఒక్క పేరే. రెండో దారే తొక్కాడు.

మర్నాడు సింధూరి వంతు వచ్చేముందు, వైరు సరిచేస్తున్నట్టు టీవీకి అడ్డంగా కూర్చుని అంకెలు మార్చాడు. ఆ పిల్ల దూకింది, పడలేదు. రెండో దీవి, మూడో దీవి, ఐదో దీవి. పిల్లలంతా లేచి నిలబడ్డారు. ఏడో దీవి దాటి, నీలం తెర వచ్చి, గుడిసె ముందు చెయ్యెత్తిన ఆడమనిషి కనబడగానే శిబిరమంతా హోరెత్తింది. సింధూరి అరవలేదు. ఆ బొమ్మనే చూస్తూ, కరెంటు పోయేదాకా అలాగే కూర్చుంది. గవరయ్య వరండాలోకి వెళ్ళి కళ్ళు తుడుచుకున్నాడు. జన్మలో ఒక మంచి పని చేశానన్న తృప్తి వాడి ముఖంలో చూశాను. ఆ సాయంత్రం నేను సింధూరిని ఆసుపత్రికి తీసుకెళ్ళాను. తండ్రితో కాసేపు గుసగుసగా మాట్లాడి వచ్చింది. పిల్ల మాట్లాడుతోంది కదా అని సంబరపడి నేను దూరంగానే ఉన్నాను.

తెల్లారి గొడవైంది. హట్ బే నుంచి వచ్చిన లోహిత్ అనే కుర్రాడికి నాన్న పోయాడు, చేపల పడవ మీద ఉండగానే. వాడి వంతులో పడవవాడు నీళ్ళలో పడ్డాడు. వెనక నుంచి సింధూరి, నీకు మీ నాన్నలాగే ఆడడం రాదు అంది. లోహిత్ రిమోట్ విసిరేసి ఆ పిల్ల మూతి మీద కొట్టాడు. పెదవి చిట్లి నెత్తురు వచ్చింది. నేను పరిగెత్తి ఇద్దర్నీ విడదీసి, ఒళ్ళు మండి సింధూరినే గదమాయించాను. అలాంటి మాట ఎలా వచ్చిందే నీ నోట అన్నాను. ఆ పిల్ల నాకేసి ఆశ్చర్యంగా చూసింది.

“రానోళ్ళే కదా టీచర్ పడిపోతారు. మా అమ్మకీ రాలేదు. నాకు వచ్చింది కాబట్టే నిన్న పడలేదు. ఉస్తాద్ మామయ్యే చెప్పాడు” అంది.

పొగరుగా అనలేదు. ఎక్కం అప్పజెప్పినట్టు అంది. అక్కడున్న పెద్దవాళ్ళలో సగంమంది ఎవరో ఒకరిని పోగొట్టుకున్నవాళ్ళే. గుమ్మంలో గవరయ్య ఉన్నాడు. వాడి వెనక అరటిగెలలు దించుతున్న బజారు మనుషులు, వాడికి సునామీవాలా పేరు పెట్టినవాళ్ళే. వాడు వెళ్ళిపోతాడనుకున్నాను. నిజం చెప్పాలంటే, వెళ్ళిపోవాలనే ఒక అడుగు వెనక్కి వేశాడు కూడా. తర్వాత లోపలికి వచ్చి టీవీ ముందు చతికిలబడి, అందర్నీ చూడమన్నాడు.

రెండో రిమోట్ బటన్లు పట్టుకుని స్విచ్చి వేశాడు. నల్లటి తెర వచ్చింది. ఏ అంకె దేనికో హిందీలో పిల్లలకి చూపించాడు. ఇది మారిస్తే పడరు, ఇది మారిస్తే ఏడు తర్వాత ఎనిమిది. తన మాట చెప్పాల్సి వచ్చేసరికి హిందీ పోయి తెలుగు వచ్చేసింది.

“నాను ఎప్పుడూ ఆట ఆడి ఆడికి ఎల్లనేదు. నాకు మూడో దీవి దాటడమే రాదు. ఇన్నేళ్ళూ ఝూట్ సెప్పినాను” అన్నాడు.

గుమ్మంలో ఒకడు కిసుక్కున నవ్వాడు. ఇంకొకడు ఉస్తాద్ అని కూతవేశాడు. గవరయ్య మెడ ఎర్రబడింది గాని వెనక్కి తిరగలేదు. సింధూరి చిట్లిన పెదవి మీద కొంగు నేను అదిమి పట్టుకుని ఉన్నాను. ఆ పిల్ల నా చెయ్యి తోసేసి, నిన్న నేను ఆడిందో అని అడిగింది. నిన్నా నేనే మార్చానమ్మా అన్నాడు. తప్పు దూకినవి కూడా ఆనాయని, నీకూ రాదు, నాకూ రాదు, ఎవరికీ రాదని చెప్పాడు. పడిపోవడానికీ ఆట రావడానికీ సంబంధం లేదన్నాడు. నీళ్ళు వచ్చాయి, అంతే అన్నాడు.

సింధూరి లోహిత్‌కేసి చూసింది.

“నాన్నకి చెప్పేశాను” అంది.

ఏం చెప్పావని నేనే అడిగాను. అప్పుడు బయటపడింది. కెరటం వచ్చినప్పుడు మధుబాబు పిల్లని భుజం మీద వేసుకుని, ఒక చేత్తో భార్య చెయ్యి పట్టుకుని పరిగెత్తాడు. ఆ చెయ్యి జారిపోయింది. నిన్న సాయంత్రం ఆసుపత్రిలో సింధూరి తండ్రి చెవిలో చెప్పిందట: నేను ఎనిమిదో దీవికి వెళ్ళాను నాన్నా, నీకు పట్టుకోవడం రాలేదు, నేనైతే అమ్మని వదిలేదాన్ని కాదు.

గవరయ్య లేచాడు. చెప్పులు కూడా వేసుకోలేదు. నేనూ సింధూరీ వాడి వెనకాలే ఆసుపత్రికి నడిచాం. బజార్లో ఎదురైనవాళ్ళకి అప్పుడే కబురు అందినట్టుంది, ఒకరిద్దరు సైగలు చేసుకున్నారు. వాడు చూశాడు, చూసి తల దించుకున్నాడు.

వార్డులో మంచాలు చాలక నేల మీద కూడా మనుషులున్నారు. మధుబాబు గోడవైపు తిరిగి పడుకున్నాడు. రాత్రి నుంచి ఏమీ తినలేదని నర్సు చెప్పింది. గవరయ్య మంచం పక్కన నిలబడి తానెవరో చెప్పుకున్నాడు. ఆట గురించి చెప్పాడు, అంకెల గురించి చెప్పాడు, పేరు పోతుందని పసిపిల్లకి అబద్ధం నేర్పానన్నాడు. పాప అన్న మాట పాపది కాదు, నాది అన్నాడు. ఆ మాటలు అంటున్నప్పుడు వాడి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో వాడికి తెలియలేదు. చివరికి మంచం కాళ్ళ దగ్గర దుప్పటి కొన పట్టుకున్నాడు. అంత సిగ్గుపడుతున్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. నాకే తల ఎత్తబుద్ధి కాలేదు.

మధుబాబు ఇటు తిరగలేదు. గోడతోనే అన్నట్టు అన్నాడు.

“పాప అనకముందు కూడా నేను అదే అనుకుంటున్నాను బాబూ. మీరు వెళ్ళండి.”

గవరయ్య అలాగే నిలబడిపోయాడు. పరువు పోగొట్టుకుని తెచ్చిన నిజం అక్కడ ఎందుకూ పనికిరాలేదు. మెల్లగా దుప్పటి కొన వదిలి గుమ్మం వైపు తిరిగాడు. సింధూరి వెళ్ళి వాడి చొక్కా పట్టుకుంది.

“మళ్ళీ చెప్పు మామయ్యా.”

చెప్పేశాను కదమ్మా అన్నాడు గవరయ్య.

“నాన్న వినలేదు. మొదటినుంచి చెప్పు. నీకు మూడో దీవి రాదని కూడా చెప్పు” అంది సింధూరి.

పక్క మంచాలవాళ్ళు ఇటు తిరిగారు. బజారు మనిషి ఒకడు క్యారియరు పట్టుకుని గుమ్మంలో ఆగిపోయి చూస్తున్నాడు. సింధూరి స్టూలు లాక్కొచ్చి తండ్రి తల దగ్గర వేసింది. గవరయ్య కూర్చుని, అందరూ వింటుండగా, మొదటినుంచి మళ్ళీ చెప్పడం మొదలుపెట్టాడు.